బడి లెక్క, వీథి లెక్క



ఏ గ్రామమున కేగినను ఆ గ్రామ మెట్టిదో తెలిసికొనుటకు నాకు రెండు గుఱుతులు చాలును. మొదటిది ఊరి బడి. రెండవది ఆ బడికి పోవు వీథి. బడిలో పిల్లలు చదువుచున్నారా, వీథిలో మురుగు నిలిచియున్నదా యని చూచినచో తక్కిన సంగతులు చాలవఱకు వానియంతట నవియే తెలియును. ఈ రెండును ఒక్కరి సొత్తులు గావు, అందఱివి. అందఱిదైన వస్తువు ఎవ్వరిదియు గాకపోవుట మన మెఱిగిన విషయమే. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చినదని మన పెద్దలు ఊరక యనలేదు.

అట్లు గాకుండుటకు ఉపాయ మేమి? బడికిని వీథికిని ప్రజ లిచ్చు సొమ్మునకు లెక్క యెవ్వరు చెప్పవలెను? ఎవ్వరడుగవలెను? ఈ ప్రశ్న నేడు పుట్టినది గాదు. దీనికి వేయి సంవత్సరములకు మించిన చరిత్ర గలదు. ఆ చరిత్రలో ముఖ్యములైన కొన్ని ఘట్టములను మీకు మనవి చేసికొందును.

వీథుల శుభ్రతను గూర్చిన పూర్వశాసనములలో కౌటిల్యుని అర్థశాస్త్రము ప్రసిద్ధము. చిరకాలము మఱుగుపడియున్న యా గ్రంథమును మైసూరునందలి శామశాస్త్రిగారు వెలికిదీసి 1909లో ముద్రింపించిరి. నగరాధికారి విధులను జెప్పు ప్రకరణమున, వీథిలో మట్టిపెంట పోసినవానికి పణములో ఎనిమిదవ పాలు దండుగ యనియు, బురదనీరు నిలువజేసినవానికి నాల్గవ పాలనియు, రాజమార్గమున నిట్లు చేసినచో దండుగ రెండింతలనియు గలదు. వీథి చెడుట నేరమని మనవారు ఎంత పూర్వమే గుర్తించిరో దీనివలన తెలియుచున్నది. కాని యిచ్చట కన్నువేసి చూచువాడు రాజోద్యోగి. ప్రజ దండుగ చెల్లించునదే గాని లెక్క యడుగునది గాదు. అధికారి మంచివాడైనచో వీథి బాగుండును. లంచగొండియైనచో దండుగయు పోవును, మురుగును మిగులును.

ప్రజలే పరీక్షకులైన వైనము చూడవలెనన్నచో మనము కాంచీపుర ప్రాంతమునందలి ఉత్తరమేరూరునకు పోవలెను. అది తమిళదేశము. చోళరాజగు మొదటి పరాంతకుని కాలమున, క్రీ. శ. 919లోను 921లోను ఆ యూరి మహాసభవారు తాము చేసికొనిన కట్టుబాట్లను దేవాలయపు గోడలపై చెక్కించిరి. ఊరు 30 వాడలుగా విభజింపబడినది. చెఱువును చూచుకొనుట కొక సంఘము, తోటలను చూచుకొనుట కొకటి, బంగారమును పరీక్షించుట కొకటి, సాంవత్సరిక వ్యవహారములకు మఱియొకటి. సభ్యుల యధికారము 360 దినములు మాత్రమే.

ఆ సభ్యుల నెన్నుకొను విధము వినదగినది. అర్హులైనవారి పేర్లను ఆకులపై వ్రాసి, వాడవాడకు వేఱుగా కట్టగట్టి, కుండలో వేయుదురు. బాలవృద్ధులతో సభ యంతయు కూడియుండగా, లోపల నేమున్నదో యెఱుగని చిన్న పిల్లవానిచేత ఒక్కొక్క యాకును తీయింతురు. దానిని అందుకొను మధ్యస్థుడు అయిదు వ్రేళ్లును చాచి, అఱచేయి విప్పి యందుకొనవలెను. వ్రేళ్ల నడుమ మఱియొక యాకు దాగియుండరాదు గదా! అందుకొనినదానిని బిగ్గఱగా చదువవలెను. అచ్చటనున్న అర్చకులందఱును దానిని మరల చదువవలెను. తరువాతనే యా పేరు స్థిరమగును.

ఇంతకంటె గట్టి నియమము వేఱొకటి గలదు. ముప్పదియైదేండ్లకు తక్కువ, డెబ్బదియేండ్లకు ఎక్కువ వయసుగలవాడు పనికిరాడు. గడచిన మూడేండ్లలో సభ్యుడుగా నుండినవాడు పనికిరాడు. సభ్యుడుగా నుండి లెక్క యొప్పజెప్పనివాడు ఎన్నటికిని పనికిరాడు. వాడే కాదు, వాని తండ్రి, కొడుకు, అన్నదమ్ములు, మేనమామ, మేనల్లుడు, బావమఱది, అల్లుడు కూడ పనికిరారు! లెక్క చెప్పనివాడు తాను తప్పుకొని బావమఱదిని గద్దెపై కూర్చుండబెట్టు విద్య నాటికే తెలిసియుండెనని మనము గ్రహింపవచ్చును. తెలిసినందుననే వారు దానికి త్రోవ మూసిరి.

అయితే ఒక్క మాట మఱువరాదు. అది బ్రాహ్మణాగ్రహారము. సొంత భూమియు, సొంత యిల్లును, వేదాధ్యయనమును గల పురుషులకే యా కుండలో చోటు. దున్నువానికి లేదు, నేయువానికి లేదు, వీథి నూడ్చువానికి లేదు, స్త్రీకి లేదు. అందుచేత ఆ సభను స్వర్గముగా వర్ణించుట నాకిష్టము లేదు. లెక్క చెప్పు పద్ధతిని వారు కనుగొనిరి. ఎవ్వరికి చెప్పవలెనను ప్రశ్నకు పూర్తి సమాధానము మాత్రము ఈయలేదు. ఆ సమాధానమునకు మఱి వేయి సంవత్సరములు పట్టినది.

ఇక బడి సంగతి. చెన్నపట్టణ రాజధానికి గవర్నరుగానుండిన సర్ తామస్ మన్రో 1822లో కలెక్టర్లచే బడుల లెక్క తీయించెను. 1826 మార్చిలో ఆయన వ్రాసిన వ్రాత ననుసరించి, రాజధాని యంతటను 12,498 బడులు, వానిలో 1,88,650 మంది విద్యార్థులు. జనసంఖ్య 1,28,50,941. అనగా రమారమి వేయిమంది కొక బడి. ఇండ్లలో చదువుకొను బాలురను గూడ కలిపినచో మగపిల్లలలో చదువు నేర్చువారు నాల్గవవంతుకంటె మూడవవంతునకే చేరువయని ఆయన యంచనా. బళ్లారి జిల్లాను గూర్చి క్యాంబెల్ దొర 1823లో పంపిన నివేదికలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. నేటి అనంతపురము సీమ నాడు ఆ జిల్లాలోనిదే, 1882లో వేఱుపడినది. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుటయు, తలిదండ్రులు అయ్యవారికి నెలనెల కొంత యిచ్చుటయు ఆ నివేదికలో గలవు. దేశమున దారిద్ర్యము పెరిగినందున బడులు క్షీణించుచున్నవనియు ఆ దొర వ్రాసెను.

ఆ వీథిబళ్లకు బోర్డు లేదు, తనిఖీ లేదు. కాని పరీక్ష లేకపోలేదు. అయ్యవారు చెప్పనిచో తండ్రి జీతము మానివేయును, అంతటితో సరి. ఇచ్చువాడును అడుగువాడును ఒక్కడే. అయితే ఇయ్యలేనివాని బిడ్డకు బడియే లేదు. ఆడుబిడ్డలు బడిలో మిక్కిలి యరుదు. అంటరానివారనబడినవారి పిల్లలకు చాల చోట్ల ప్రవేశమే లేదు.

ఈ లోపమును తీర్చుటకు ఊరందఱు కలిసి బడిని పోషించు ప్రయత్నము మన గోదావరి సీమలో జరిగినది. 1854 ప్రాంతమున టెయిలరను సబ్ కలెక్టరు నరసాపురమునందును, దరిమిలా పాలకొల్లు, ఆచంట, పెనుగొండలయందును బడులు పెట్టించెను. వానిని చూచి చుట్టుప్రక్కల రైతులు తమ యూళ్లకును బడులు కావలెనని కోరి, శిస్తుతోపాటు బడికై కొంత పైకము చెల్లించుట కొప్పుకొనిరి. తరువాత 1863లో ఇట్టి బడిపన్నునకు చట్టమును చేసిరి. తమ బిడ్డలకే గాక ఊరి బిడ్డలందఱికిని రైతు పన్ను నిచ్చుట సామాన్య విషయము గాదు. ఆ రైతుల పేర్లు చరిత్రకెక్కలేదు గాని, ఆ పని మన జాతి గర్వింపదగినది.

కాని యిచ్చట నొక చిక్కు గలదు. ఇష్టపూర్వకముగా నిచ్చినది క్రమముగా విధిగా చెల్లింపవలసిన పన్నాయెను. 1871లో లోకల్ ఫండు చట్టము వచ్చినది. భూమిపై సెస్సు వేసి, ఆ సొమ్ముతో బాటలు, బడులు, వైద్యశాలలు, పారిశుద్ధ్యము జరుపవలెననిరి. బోర్డునకు కలెక్టరే అధ్యక్షుడు. సభ్యులు ప్రభుత్వము నియమించినవారు. వీథిబడి కాలమున రైతు తానిచ్చిన రూపాయి యెక్కడికి పోయెనో యెఱుగును. ఇప్పుడు ఆ రూపాయి తాలూకా కచేరీకి పోయి, లెక్కలలో కలిసి, మరల ఊరికి వచ్చునో రాదో తెలియని దాయెను. ఇచ్చువాడు వేఱు, అడుగువాడు వేఱు. నేటి మన కష్టములలో సగము ఆ యెడబాటుననే పుట్టినవని నా యభిప్రాయము.

1882 మే 18న రిప్పన్ ప్రభువు చేసిన తీర్మానము ఈ యెడబాటును కొంత తగ్గింప దలచెను. స్థానిక సంఘములలో ఉద్యోగులకంటె అనుద్యోగులే హెచ్చుగా నుండవలెననియు, ప్రజలు తప్పులు చేసియైనను పరిపాలన నేర్చుకొనవలెననియు దాని భావము. 1884లో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు, చిన్న పట్టణములకును పెద్ద గ్రామములకును యూనియనులు ఏర్పడినవి. వీథి దీపములు, బావులు, ఊడ్పు యూనియను పంచాయతీ పనులు. ఎన్నికలు వచ్చుట మాత్రము బహు నెమ్మదిగా సాగినది. వోటు ఆస్తిపరులకే.

వీథుల శుభ్రత పేర పన్ను హెచ్చించి, ప్రజలనడుగకుండ పరిపాలన మార్చినచో ఏమి జరుగునో చీరాల పేరాల చరిత్ర చెప్పుచున్నది. చీరాలలో అంతకు పూర్వము యూనియను ఉండెను. దాని యాదాయము ఏటికి సుమారు 4,000 రూపాయలు. 1919 ప్రాంతమున ప్రభుత్వము చీరాల పేరాలలను కలిపి పురపాలక సంఘముగా మార్చెను. పన్నులు సుమారు 40,000 రూపాయలకు పెరిగినవి. అది నేతగాండ్రు హెచ్చుగా నున్న పట్టణము. మాకీ మునిసిపాలిటీ వలదు, మా యూనియను మాకు చాలునని వారు మొఱపెట్టుకొనిరి. ఆ మొఱ నాలకించినవారు లేరు. పన్నీయనివారిని చెఱసాలకు పంపిరి.

1921 ఏప్రిలులో గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చెను. ఊరు విడిచిపోయినచో మునిసిపాలిటీ యుండదు గదా యను మార్గమును ఆయన సూచించెను. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున, పదునైదువేల పైచిలుకు జనములో పదమూడువేలమందికి పైగా ఇండ్లు విడిచి, ఊరి వెలుపల పాకలు వేసికొనిరి. ఆ పాకలపురమునకు రామనగరని పేరు. ఎండకును వానకును ఓర్చి పదునొకండు నెలలు అందుండిరి. రామదండు కాపలా. తగవులు తీర్చుటకు తమలో తామెన్నుకొనిన పంచాయతీ. గోపాలకృష్ణయ్యగారిని ప్రభుత్వము నిర్బంధించి కారాగృహమున నుంచిన పిమ్మట, నాయకుడు లేక, ధనము చాలక, జనులు క్రమముగా తిరిగివచ్చిరి.

చీరాల ప్రజలు వీథి శుభ్రముగా నుండుటకు విరోధులని యెవ్వరైన తలచినచో పొరపాటు. పన్నునకు తమ సమ్మతి కావలెననుటయే వారి వాదము. ఆ వాదమునకై ఇల్లు విడిచిన జాతి మనది. నేడు గ్రామసభకు రమ్మని దండోరా వేసినచో అరుగు దిగని జాతియు మనదే. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినపుడు నా మనస్సునకు మిక్కిలి కష్టము తోచును.

ఆ కాలముననే, 1920లో, చెన్నపట్టణ శాసనసభ ప్రాథమిక విద్యాచట్టమును, స్థానిక బోర్డుల చట్టమును, గ్రామపంచాయతీల చట్టమును చేసినది. బడులు పెరిగినవి. బోర్డు రాజకీయములును పెరిగినవి. బోర్డువారి మాట వినని యుపాధ్యాయునకు ఏటి యావలి యూరికి బదిలీయని మా గురువులు చెప్పగా వింటిమి. 1934లో తాలూకా బోర్డులు రద్దయినవి. స్వాతంత్ర్యానంతరము 1957లో బలవంతరాయ్ మెహతా సంఘము సిఫారసు చేయగా, మన రాష్ట్రమున 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వెలసినవి. ఆ సంవత్సరమే తెలంగాణమునందలి షాద్‌నగరున నెహ్రూగారు వానికి ప్రారంభోత్సవము చేసిరి. నేటికిని అనేక గ్రామములయందలి ఉన్నత పాఠశాలల పలకలపై జిల్లా పరిషత్తు పేరే కనబడుచున్నది.

1993 ఏప్రిల్ 24న అమలునకు వచ్చిన రాజ్యాంగపు 73వ సవరణ, గ్రామసభకు రాజ్యాంగమున స్థానము కల్పించినది. పంచాయతీల కప్పగింపదగిన 29 విషయముల పట్టికలో విద్యయు గలదు, పారిశుద్ధ్యమును గలదు. 2005లో సమాచార హక్కు చట్టము వచ్చినది. 2010 ఏప్రిల్ 1న అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము, బడికి యాజమాన్య కమిటీ యుండవలెననియు, అందు నాలుగింట మూడు పాళ్లు తలిదండ్రులుండవలెననియు, సగము స్త్రీలుండవలెననియు విధించినది. ఉత్తరమేరూరి కుండలో లేని పేర్లు నేడు ఈ కమిటీలో గలవు. లెక్క యెవ్వరికి చెప్పవలెనను ప్రశ్నకు ఇదియే సమాధానము. చట్టమువఱకు మన ప్రయాణము పూర్తియైనది.

చట్టము వేఱు, ఆచరణము వేఱు. దీనికి ఇతరులనేల చెప్పవలెను? నా తప్పునే చెప్పెదను. నేను ప్రధానోపాధ్యాయుడనుగా నుండిన ఒక పాఠశాలలో కమిటీ సమావేశములు జరిగెడివి గావు. తీర్మానముల పుస్తకమునందు మాత్రము జరిగెడివి. నేనే వ్రాసెడివాడను. ఒక పిల్లవాడు పుస్తకమును ఇంటింటికి త్రిప్పి సంతకములు తెచ్చెడివాడు. ఆడుపిల్లల మఱుగుదొడ్లకు మరమ్మతు జరిగినదని ఒక తీర్మానము వ్రాసితిని. బిల్లు వచ్చినది, పైవారు వ్రాయుమనిరి, నేను వ్రాసితిని. దొడ్డి తలుపునకు తాళము వేసినట్లే యున్నది. ఎనిమిదవ తరగతి ఆడుపిల్లలు మధ్యాహ్నమునకే యిండ్లకు పోవుచుండుట నాకు తెలియును. చదువుపై శ్రద్ధ లేదని వారినే కోపపడితిని.

ఒకనాడు కమిటీలోని ఒక తల్లి, కూలిపనికి పోవునామె, పుస్తకమును పట్టుకొని స్వయముగా బడికి వచ్చినది. "అయ్యా, నాకు చదువు రాదు. ఇందులో ఏముందో మీరు చదివి చెప్పండి. అప్పుడు ఏలిముద్ర ఏస్తాను" అన్నది. నేను చదువలేకపోతిని. నలుబది సంవత్సరములు సంస్కృతాంధ్రములు చదివిన నాలుకకు నాలుగు పంక్తులు పలుకుట సాధ్యము గాలేదు. ఆమె నన్నేమియు ననలేదు. "తలుపు తీసి చూపించండయ్యా" అన్నది, అంతే. తరువాతి గ్రామసభలో నేనే లేచి ఆ తీర్మానమును బిగ్గఱగా చదివి, ఇది అబద్ధమని చెప్పితిని. పని జరుగుటకు రెండు వారములు పట్టలేదు. మానిన పిల్లలలో కొందఱు తిరిగివచ్చిరి. ఒకతె రాలేదు, ఆమెకు అంతలో పెండ్లి చేసివేసిరి. ఆ బాలిక చదువునకు నేను చెప్పవలసిన లెక్క నేటికిని తీఱలేదు.

పెద్దలారా, ఉత్తరమేరూరిలో మధ్యస్థుడు అయిదు వ్రేళ్లు చాచి, చీటీని పైకి చదువుట యేల పెట్టిరో ఆనాడు నాకు తెలిసినది. ఆ కథను ఎన్నో యేండ్లు పిల్లలకు పాఠముగా చెప్పితిని గాని యర్థము చేసికొనలేదు. లెక్క వ్రాయుట చాలదు, వినిపింపవలెను. వినిపించుట చాలదు, కన్నులతో చూడవలెను.

కావున మీకు మూడు పనులు మనవి చేయుచున్నాను. మొదటిది, గ్రామసభకు పొండు; పంచాయతీ లెక్కను చదివి వినిపింపుమని యడుగుడు. ఇంటిపన్ను ఎంత వచ్చినది, చెత్తబండికి ఎంత పోయినది, వీథులూడ్చువారికి జీతము ఏ నెలవఱకు ముట్టినది యని యడుగుడు. ఊరిని శుభ్రపఱచువాని కూలి నిలిపి ఊరు శుభ్రముగా నుండవలెననుట న్యాయము గాదు. రెండవది, నెల కొకమాఱు బడికి పొండు. ఉపాధ్యాయుని తప్పుపట్టుటకు గాదు. నీళ్లున్నవా, దొడ్డి తెఱచియున్నదా, వంటయిల్లు శుభ్రమా యని చూచుటకు. మంచి యుపాధ్యాయునకు అడుగువాడు బలమే గాని భారము గాడు. మూడవది, చదువురాని తల్లి పుస్తకమును చదువుమన్నచో, ఎంతటి పనిలోనున్నను చదివి వినిపింపుడు.

అడుగువారికి ఇంకొక ధర్మము గలదు. మన యింటి చెత్తను కాలువలో పోసి, కాలువ పూడినదని సర్పంచిని నిందించుట తగదు. తడిచెత్తను పొడిచెత్తను వేఱుచేయుట యింటి గడప లోపలి పని. అది మనమే చేయవలెను. తన లెక్క తాను చెప్పుకొనగలవానికే పరుల లెక్క యడుగు నోరుండును.

గోదావరి రైతులు ఊరి బిడ్డలకై పన్నిచ్చిరి. చీరాల నేతగాండ్రు సమ్మతిలేని పన్నుపై ఇండ్లు విడిచిరి. మనకు ఇండ్లు విడువవలసిన యవసరము లేదు. అరుగు దిగి నాలుగడుగులు నడచి, ఆ సభలో కూర్చుండిన చాలును. ఈ యేడు గ్రామసభ జరుగునాడు మీ యూరి బడి పుస్తకమును బల్లపై పెట్టించి, మొదటి పుటనుండి చదివింపుడు.

సెలవు.